బిడ్డ కడుపులో తల్లి దిగులేనా?

"దిగులు పడుతూ పాలివ్వకు, బిడ్డ కడుపు పాడవుతుంది."

ఈ మాట నేను మూడుసార్లు విన్నాను. మొదటిసారి చిన్నప్పుడు, పురిటికొచ్చిన మా పిన్నితో అమ్మమ్మ అంటుంటే. రెండోసారి ఒక ప్రభుత్వాసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఉంచే వార్డు బయట, ఒక నర్సు ఒక కూలితల్లిని కసురుతూ అంటుంటే. మూడోసారి ఒక సదస్సులో, ఎలుకల బొమ్మలూ గ్రాఫులూ చూపిస్తూ ఒక పరిశోధకుడు ఇంగ్లీషులో చెబుతుంటే. అమ్మమ్మ మాటను మూఢనమ్మకం అన్నాం. నర్సు మాటను దురుసుతనం అన్నాం. మూడో మాటకు ప్రయోగశాల అండ ఉంది కాబట్టి అంత తేలిగ్గా తోసెయ్యడానికి లేదు. తోసెయ్యాలని కూడా నేను అనుకోవడం లేదు. ఆ ప్రయోగాలు నిజంగా ఏం చెబుతున్నాయి, అవి ఆసుపత్రి వరండా దాకా వచ్చేసరికి ఎలా మారిపోతున్నాయి అన్నదే నా బాధ. నేను డాక్టర్ని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. కానీ ఈ మార్పు జరిగేది వైద్యంలో కాదు, సమాజంలోనే.

ముందు ఆ కూలితల్లి సంగతి. కర్నూలు పడమటి మండలాల నుంచి ఏటా గుంటూరు వైపు మిరపకాయ కోతలకు వలసొచ్చేవాళ్లలో ఒకామె. పేరు రాయను. ఏడో నెల దాటాక కూడా చేలో వంగి కాయ కోసింది. కూలి తూకం లెక్కన ఇస్తారు కనక ఆగితే ఆగినంత పోతుంది. రాత్రికి చేని పక్కన పరదా గుడారం. అక్కడే నొప్పులొచ్చి ఆటోలో ఆసుపత్రికి చేరింది. బిడ్డ కిలోన్నర కూడా లేదు. వాళ్ల మాటల్లో చెప్పాలంటే "పెట్టెలో పెట్టినారు." పెట్టె పై అంతస్తులో, తల్లి కింద బాలింతల వార్డులో, ఒకే మంచం మీద ఇంకొకామెతో కలిసి. కుట్లు పచ్చిగా ఉండగానే మెట్లెక్కి వచ్చి, పాలు పిండి గిన్నెలో ఇచ్చి, మళ్లీ దిగిపోవాలి. బిడ్డను అద్దంలోంచి చూడనిచ్చేది రోజుకు రెండుసార్లు. మూడో రోజుకు పాలు తగ్గాయి. డబ్బాపాలు మొదలుపెట్టారు. ఆరో రోజున బిడ్డ పొట్ట ఉబ్బి, పచ్చగా కక్కి, విరేచనంలో రక్తం కనిపించింది. పాలన్నీ ఆపేసి సెలైన్ పెట్టారు.

నర్సు ఆ మాటన్నది ఆ రోజే. "ఎప్పుడు చూసినా ఏడుస్తూ కూచుంటావు, పాలెక్కణ్ణుంచి వస్తాయి? నీ దిగులంతా బిడ్డ కడుపులోకి దిగింది." ఆ నర్సు మీద నాకు కోపం లేదు. ఆమెదీ కాంట్రాక్టు ఉద్యోగమే. ఆ రాత్రి ఆ వార్డులో ఉన్న పెట్టెలన్నిటికీ ఆమె ఒక్కతే.

బిడ్డ బతికింది. కానీ ఆ తల్లి ఆ మాట నమ్మింది. మరుసటేడు కోతల్లో కనిపించినప్పుడు కూడా, పిల్ల చంకలో ఆడుకుంటుండగా, "నా ఏడుపే దానికి తగిలింది మేడమ్" అంది.

ఇక ప్రయోగాల సంగతి. పసికందుల పేగుల మీద ఒత్తిడి ప్రభావం గురించి ఇవాళ తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఎలుకల నుంచీ చిట్టెలుకల నుంచీ వచ్చింది. పద్ధతి సులువు. పుట్టిన ఒకటి రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా, రోజుకు మూడు గంటలపాటు పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి తీసేస్తారు. తర్వాత మళ్లీ తల్లి దగ్గర పెడతారు. మామూలుగా ఆ వయసు ఎలుకపిల్ల ఒంట్లో ఒత్తిడి హార్మోను పెద్దగా పెరగదు. తల్లి నాకుతూ, పాలిస్తూ దగ్గరుండడమే దాన్ని అదుపులో ఉంచుతుంది. ఆ దగ్గరితనం పోతే హార్మోను లేస్తుంది. దాంతో పేగు గోడ పలచబడుతుంది. గోడలో కణానికీ కణానికీ మధ్య ఉండే బిగింపు సడలి, పేగులో ఉండాల్సిన బాక్టీరియా గోడ దాటి లోపలికి పోతుంది. గోడను కాపాడే జిగట పొర తగ్గుతుంది. ఆ హార్మోను పని చెయ్యకుండా మందుతో అడ్డుకుంటే ఈ నష్టం చాలావరకు ఆగిందని కూడా చూశారు. అంటే మనసుకూ పేగుకూ మధ్య ఉన్నది కవిత్వం కాదు, రసాయనం. 1999లో అమెరికాలో రీసస్ కోతిపిల్లలను తల్లుల నుంచి విడదీసి చూస్తే, మూడో రోజుకు వాటి పేగుల్లో మేలు చేసే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా బాగా పడిపోయింది. పందిపిల్లలను తొందరగా పాలు మాన్పిస్తే పేగు గోడ దెబ్బతినడం పశువైద్యంలోనూ తెలిసిన సంగతే.

ఈ ప్రయోగాలన్నిటిలోనూ ఒక విషయం గమనించండి. తల్లిని బిడ్డ నుంచి విడదీసింది మనిషి చెయ్యి. ఏ వ్యాసంలోనూ తల్లి ఎలుక దిగులు పడింది కాబట్టి పిల్ల పేగు పాడైందని రాయరు. విడదీయడం అన్న చర్య ఉంది, అది చేసినవాడు ఉన్నాడు, ఎన్ని గంటలు విడదీశాడో గడియారం లెక్క ఉంది. అదే విషయం మనుషుల దగ్గరకొచ్చేసరికి విడదీసిన చెయ్యి మాయమైపోతుంది. "తల్లి ఒత్తిడి" ఒక్కటే మిగులుతుంది. ఒత్తిడి తల్లికి షుగరు లాగా, బీపీ లాగా ఆమె ఒంట్లోంచే పుట్టుకొచ్చిన లక్షణం అయిపోతుంది.

ఈ ఎలుకల కథ ఆమెకు చెప్పాను, ఆ అపరాధభావం కాస్తయినా తగ్గుతుందేమోనని. అంతా విని, "వాళ్లు మూడు గంటలకు మళ్లా ఇచ్చినారు గదా మేడమ్" అంది.

మనుషుల మీద జరిగిన పరిశోధనల్లో తరచుగా ఉదహరించేది 2015లో వచ్చిన ఒక డచ్ అధ్యయనం. 56 మంది బిడ్డల మలాన్ని వారం రోజుల వయసు నుంచి నాలుగో నెల దాకా పరీక్షించారు. గర్భంతో ఉండగా ఎక్కువ ఒత్తిడి చెప్పుకున్నవాళ్ల, లాలాజలంలో కార్టిసోల్ ఎక్కువగా ఉన్నవాళ్ల బిడ్డల్లో మేలు చేసే బాక్టీరియా తక్కువగా, వాపు తెప్పించే రకం ఎక్కువగా ఉన్నాయి. ఆ బిడ్డలకు కడుపు బాధలూ అలర్జీలూ ఎక్కువని తల్లులు చెప్పారు. దీన్ని నేను అబద్ధం అనను. కానీ 56 మంది అంటే మన ఊళ్లో ఒక అంగన్‌వాడీ పరిధి. పైగా ఆ దేశంలో కాన్పుకు పదహారు వారాల జీతంతో సెలవుంది. కాన్పయ్యాక సుమారు వారంపాటు శిక్షణ పొందిన సహాయకురాలు ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనీ చూసుకుంటుంది. అక్కడ ప్రశ్నాపత్రంలో "ఒత్తిడి" అన్న గడిలో పడేదీ, పరదా గుడారంలో ఎనిమిదో నెల మోస్తున్న మనిషి అనుభవించేదీ ఒకటే మాటతో కొలవగలమా? ప్రశ్నాపత్రాలు తయారుచేసే పని నేనూ చేశాను. గడి ఉన్నదే నిండుతుంది. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరిందా అన్న గడి ఎవరూ పెట్టరు.

తల్లి మీద నెపం వెయ్యడం వైద్యానికి కొత్తేమీ కాదు. ఆటిజం పిల్లల తల్లులను "రిఫ్రిజిరేటర్ మదర్స్" అని ముద్రవేసిన కాలం ఒకటుంది. తల్లి గుండెలో చల్లదనం వల్లే బిడ్డకు ఆ స్థితి వచ్చిందని 1950, 60లలో పెద్ద పెద్ద నిపుణులే నమ్మారు. తప్పని తేలేలోపు ఎందరు స్త్రీలు ఆ నేరం మోశారో. ఇప్పుడు చల్లని గుండె పోయి కార్టిసోల్ వచ్చిందని నేననను, కార్టిసోల్ నిజం కాబట్టి. అయినా ఎంత నిజమైన సంగతయినా పాత దారిలోనే పారుతుంది, మనం గట్టు వెయ్యకపోతే.

మన ఇళ్లల్లో ఆ పాత దారి మరీ లోతుగా ఉంది. బిడ్డకు పచ్చ విరేచనమైతే తల్లి ఏం తిన్నదో ఆరా తీస్తారు. అంతకుముందే ఆమెకు పథ్యం పేరుతో కూరలూ పప్పూ మాన్పించి ఉంటారు. ముర్రుపాలు పిండి పారబోయించేదీ, పుట్టిన పూటే ఆముదం చుక్కో తేనె చుక్కో నాకించేదీ పెద్దవాళ్లే. తర్వాత కడుపు చెడితే నేరం మాత్రం బాలింతదే.

తల్లిపాలలో కొన్ని చక్కెరలున్నాయి. వాటిని బిడ్డ జీర్ణం చేసుకోలేదు. మరి ఎందుకున్నాయంటే, బిడ్డ పేగులో కాపురం పెట్టాల్సిన బైఫిడోబాక్టీరియా తినడానికి. ముర్రుపాలు పేగు గోడ త్వరగా గట్టిపడేలా చేస్తాయి. నెలలు నిండని బిడ్డకు పేగు గోడ కుళ్లిపోయే ప్రాణాంతకమైన జబ్బు, డాక్టర్లు ఎన్.ఇ.సి. అంటారు, డబ్బాపాల మీద ఉన్నవాళ్లకు ఎక్కువగా, తల్లిపాల మీద ఉన్నవాళ్లకు తక్కువగా వస్తుందనేది స్థిరపడిన విషయం. ఆమె బిడ్డకు వచ్చింది అదేనని కేసు షీటు మీద రాశారు. అలాంటప్పుడు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో బిడ్డకూ తల్లికీ మధ్య ఏది అడ్డం నిలబడుతున్నదో చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 37.1 శాతం. సిజేరియన్‌తో పుట్టిన పిల్లల పేగుల్లో మొదటి వారాల్లో బాక్టీరియా తీరు వేరుగా ఉంటుందని అనేక అధ్యయనాల్లో తేలింది. అవసరమైన ఆపరేషన్ ప్రాణాలు కాపాడుతుంది, అందులో సందేహం లేదు. వందకు ఎనభై ఒకటి అవసరమా అన్నదే ప్రశ్న. ఈ అంకెలు చెప్పగానే "ఈ కాలం ఆడపిల్లలు నొప్పి ఓర్చుకోలేరండీ" అనే పెద్దమనిషి ప్రతి సభలోనూ ఒకరుంటారు. ఆపరేషన్ చేసే చెయ్యి, బిల్లు వేసే చెయ్యి, ముహూర్తం పెట్టే చెయ్యి ఆయనకు కనపడవు.

ఇక్కడ హింస మాట కూడా రాక తప్పదు. అదే సర్వేలో తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో సుమారు 37 శాతం మంది భర్త చేతిలో హింస ఎదుర్కొన్నామన్నారు. గర్భంలో ఉన్నప్పటి ఒత్తిడి గురించి మాట్లాడే వైద్యశాస్త్రం దీని గురించి మాట్లాడాల్సిందే. అయితే మన కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసే మిత్రులకు ఒక మాట. "గర్భిణిని కొడితే బిడ్డ పేగులు పాడవుతాయి" అన్న వాదం భర్తల దగ్గర బాగా పనిచేస్తుందని నాకు తెలుసు. నేనూ వాడాను. వాడిన ప్రతిసారీ ఏదో తప్పు చేసినట్టే అనిపించింది. ఆమెను కొట్టకూడదనడానికి ఆమె చాలదా? బిడ్డ పేగులు వచ్చి సాక్ష్యం చెప్పాలా? ఈ శాస్త్రాన్ని ఆయుధంగా వాడేటప్పుడు అది తల్లిని బిడ్డ చుట్టూ కట్టిన సంచీగా మార్చేస్తుంది. నా దగ్గర దీనికి తేలికైన జవాబు లేదు. అవసరమైనచోట ఇంకా వాడుతూనే ఉన్నాను.

ఒత్తిడి తగ్గించడానికి తల్లులకు ధ్యానం, సంగీతం, "పాజిటివ్‌గా ఉండండి" అన్న కరపత్రాలు ఇస్తున్నారు. మంచిదే, చెడు చెయ్యవు. బిడ్డలకు మేలు చేసే బాక్టీరియాను పొడి రూపంలో ఇచ్చే మార్గమూ ఉంది. మన పొరుగునే ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా నవజాత శిశువులకు లాక్టోబాసిల్లస్‌తో కూడిన మిశ్రమాన్ని ఒక వారం ఇచ్చి చూశారు. ఫలితాలు 2017లో వచ్చాయి. సెప్సిస్ గానీ మరణం గానీ సంభవించినవాళ్లు మామూలు పిల్లల్లో 9 శాతం ఉంటే, మందు పొందినవాళ్లలో 5.4 శాతమే. చిన్న సంగతేం కాదు. అయితే వాళ్లందరూ నెలలు నిండి, లేదా దాదాపు నిండి పుట్టి తల్లిపాలు తాగుతున్న పిల్లలు. ఆ వివరం మందుల కంపెనీ ప్రకటనలో మిగులుతుందని నేననుకోను. డబ్బాపాల కంపెనీల సంగతి చూశాంగా. ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లో చట్టం తెచ్చి, 2003లో దాన్ని ఇంకా బిగించాల్సి వచ్చింది.

తల్లీబిడ్డల్ని కలిపి ఉంచడం అన్న మాట వింటే ఖర్చు అంటారు, ఇన్ఫెక్షన్ అంటారు. దీని చరిత్ర వింటే నవ్వొస్తుంది. 1978 ప్రాంతంలో కొలంబియా రాజధాని బొగొటాలో ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక, ఒకే దాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టి ఇన్ఫెక్షన్లతో పోగొట్టుకుంటుంటే, ఎడ్గార్ రే అనే డాక్టరు బిడ్డలను తల్లి రొమ్ముకు ఆనించి కట్టమన్నాడు. కంగారూ పద్ధతి అలా పుట్టింది, లేమిలోంచి. తర్వాత చాలాకాలం దాన్ని "బిడ్డ స్థిమితపడ్డాక" చెయ్యాల్సిన పనిగానే చూశారు. ఆ మాట 2021లో తిరగబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా, భారత్‌లలో అయిదు ఆసుపత్రుల్లో, కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల మధ్య పుట్టిన 3,211 మంది బిడ్డల మీద పరీక్ష జరిగింది. మన దేశంలో అది ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో. పుట్టగానే, స్థిమితపడే దాకా ఆగకుండా, ఇంటెన్సివ్ కేర్ వార్డులోనే తల్లికీ మంచం వేసి బిడ్డను రొమ్ము మీద ఉంచారు. మొదటి 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. తేడా స్పష్టంగా కనిపించడంతో పరీక్షను ముందుగానే ఆపేశారు. ఇన్ఫెక్షన్ పెరుగుతుందన్నవాళ్ల భయానికి విరుద్ధంగా సెప్సిస్ కూడా తగ్గింది. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సులే మారాయి. తల్లీ నవజాత శిశువు కలిసి ఉండే యూనిట్లకు మన కేంద్ర ప్రభుత్వమూ మార్గదర్శకాలు ఇచ్చింది.

నాకిది సంబరంగా ఉన్నా, ఆ పరీక్షలో ఇంకో అంకె ఉంది, మనవాళ్లు దాటిపోకూడనిది. బిడ్డ రొమ్ము మీద ఉన్నది రోజుకు దాదాపు 17 గంటలు. ఆ పరీక్షలో తల్లికి తోడుగా ఇంకొక ఆడమనిషిని కూడా అనుమతించారు. లేకపోతే సాధ్యమయ్యేది కాదు. పదిహేడు గంటలు ఎవరివి? ఇంటి దగ్గర మిగిలిన పిల్లలకు అన్నం ఎవరు పెడతారు? పోయిన కూలి ఎవరిస్తారు? తండ్రి రొమ్ముకు కూడా వెచ్చదనం ఉంటుంది కదా, ఆయన్ని వార్డులోకి ఎందుకు రానివ్వరు? తల్లికి మంచం వేశాం కాబట్టి ఇక అన్నీ ఆమే చూసుకోవాలని చేతులు దులుపుకుంటే, ఈ మంచి పద్ధతి కూడా స్త్రీల జీతంలేని చాకిరీల పట్టికలో ఇంకొకటవుతుంది.

ప్రసూతి సెలవును 2017లో 26 వారాలు చేశారు. పదిమంది, అంతకుమించి పనిచేసే సంస్థలకే అది. మిరపచేనికి హాజరుపట్టీ ఉండదు. అలాంటివాళ్లకు అదే ఏడు కేంద్రం ప్రకటించింది మొదటి కాన్పుకు అయిదు వేల రూపాయలు. రోజుకు మూడువందల కూలి చొప్పున లెక్కేసినా పదిహేడు రోజులు నిండదు. 2013 ఆహార భద్రత చట్టంలో రాసింది కనీసం ఆరు వేలు అని గుర్తుంచుకోండి. పక్కన తమిళనాడు 1987లో మొదలుపెట్టిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పథకంలో సహాయాన్ని 2018లో కిట్లతో కలిపి పద్ధెనిమిది వేలకు పెంచింది. అదీ చాలదు, కానీ మొత్తం పెంచవచ్చని తెలుస్తుంది.

ఆసుపత్రి అభివృద్ధి కమిటీల్లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. సమావేశంలో సాధారణంగా ఫ్యాన్లూ మరుగుదొడ్లూ మాట్లాడి లేస్తాం. ఈసారి పిల్లల వార్డు సంగతి అడగండి. తల్లి రోజుకు ఎన్ని గంటలు బిడ్డను తాకగలుగుతోంది, రిజిస్టరులో అది రాస్తున్నారా, ఆ వార్డులో తల్లులకు ఎన్ని మంచాలున్నాయి, రాత్రికి ఒక నర్సుకు ఎందరు బిడ్డలు, తల్లి తిండీ తోడు వచ్చినవాళ్ల తిండీ ఎవరి లెక్క. ఎలుకల ప్రయోగంలో ఎన్ని గంటలు విడదీశారో రాసిపెట్టారు. మన వార్డుల్లో ఆ ఒక్క అంకె కూడా ఎవరూ రాయరు.

ఆ రోజు అక్కడ ఏముంటే బాగుండేదని ఆమెను అడిగాను. మంచం మాట ఎత్తలేదు. "ఆ అద్దం కాడ లోపలి పక్క ఒక చాప ఏసుకోనిస్తే సాలు మేడమ్. నేను లేచి ఎవరికీ అడ్డం రాను."